లైవ్‌వెల్‌లో చేప బతకాలంటే ఏది కొనాలి: పంపా, బబ్లరా, ఆక్సిజన్ సిలిండరా?

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు బాస్ అనే చేపల వేటకి వాడే బాస్ బోటు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాక ముందు ఇంజన్ గురించి అడుగుతారు, తర్వాత ఫిష్ ఫైండర్ గురించి అడుగుతారు, ఆ తర్వాత జూన్ వచ్చేసరికి అందరిదీ ఒకటే ప్రశ్న, "లైవ్‌వెల్‌లో వేసిన చేపలు రెండు గంటలకే వెల్లకిలా తేలుతున్నాయి, ఏం కొనాలి?" అని. లైవ్‌వెల్ అంటే పట్టిన చేపని బతికించి ఉంచే బోటులోని నీళ్ళ తొట్టి. షాపులో అడిగితే ఒకరు పెద్ద పంపు అంటారు, ఒకరు ఆక్సిజన్ కిట్ అంటారు, ఒకరు నీలం రంగు మందు సీసా చేతిలో పెడతారు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట పనికొచ్చేవే, కాకపోతే మీ చేపకి, మీ సీజన్‌కి ఏది అనేది తేల్చుకోకుండా కొంటే డబ్బులు పోతాయి, చేపా పోతుంది. అందుకే లూయిస్‌విల్, రే రాబర్ట్స్, టెక్సోమా, లేక్ ఫోర్క్ లాంటి మన నార్త్ టెక్సస్ చెరువులని దృష్టిలో పెట్టుకుని వివరంగా రాస్తున్నా.

ముందు ఆ చేపని ఏం చేయబోతున్నారో చెప్పండి

అసలు తేడా అంతా ఇక్కడే. చేపని ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టుకోవడానికా, కాసేపు ఉంచి తూకం చూసి మళ్ళీ వదలడానికా, లేక అది చేప కాదు ఎరా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు ఏర్పాట్లు కావాలి.

తినడానికైతే లైవ్‌వెల్ మీద ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టొద్దు, ఐస్‌బాక్స్ కొనుక్కోండి. వేడి నీళ్ళలో గంటల తరబడి కొట్టుకుని చచ్చిన చేప కన్నా, పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐస్‌లో కొంచెం చెరువు నీళ్ళు కలిపిన చల్లటి జావలో ముంచేసిన చేప రుచిలో చాలా ముందుంటుంది, కండ గట్టిగా ఉంటుంది, నీచు వాసన తక్కువ. మనవాళ్ళు ఎక్కువగా పట్టే శాండ్ బాస్, అదే వైట్ బాస్, ఎండాకాలం లైవ్‌వెల్‌లో అస్సలు నిలవదు, పైగా పది చేపలు వేస్తే నీళ్ళన్నీ నురగ కట్టి మిగతావాటిని కూడా తీసుకుపోతాయి. క్యాట్‌ఫిష్ మాత్రం మొండిది, మామూలు పంపుతో సాయంత్రం దాకా లాగుతుంది, కానీ తినేదే అయితే దానికి కూడా ఐసే బెటర్.

ఇంకో కారణం కూడా ఉంది. టెక్సస్‌లో 2014 జూలై 1 నుంచి రాష్ట్రమంతా ఒకే రూల్, చెరువు దగ్గర్నుంచి బయల్దేరేటప్పుడు బోటులో ఉన్న నీళ్ళన్నీ, లైవ్‌వెల్, బెయిట్ బకెట్ నీళ్ళతో సహా, ఖాళీ చేసెయ్యాలి. టెక్సోమాలో 2009లో జీబ్రా మసెల్స్ అనే బయటి నుంచి వచ్చిన చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి కదా, వాటి పిల్లలు కంటికి కనపడనంత చిన్నవి, గ్లాసుడు నీళ్ళలో కూడా ఇంకో చెరువుకి వెళ్ళిపోతాయి, అందుకే ఈ రూల్. కాబట్టి లైవ్‌వెల్‌లో ఎంత బాగా బతికించినా బోటు దించి ఎక్కించే ర్యాంప్ దగ్గర నీళ్ళు వదిలేయాల్సిందే, చేప బతికుండగా ఇంటికి రాదు. ఎలాగూ ఐస్‌లోకి వెళ్ళేదాన్ని మొదటే ఐస్‌లో పెట్టడం మేలు.

చచ్చేది ఆక్సిజన్ లేకే, కానీ తెచ్చిపెట్టేది వేడి

20 డిగ్రీల సెల్సియస్, అంటే 68 ఫారెన్‌హీట్ దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీలు, అంటే 86 ఫారెన్‌హీట్ దగ్గర 7.6 మాత్రమే. ఇది గాలితో కలిసే నీళ్ళకి గరిష్ఠం, మీరు ఎంత పెద్ద పంపు పెట్టినా గాలి బుడగలతో అంతకు మించి ఎక్కదు. అదే సమయంలో చేపకి కావాల్సిన ఆక్సిజన్ వేడితో పాటు పెరుగుతుంది, పది సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు. అంటే జేబులో డబ్బు తగ్గుతుంటే ఖర్చు పెరిగినట్టు. బాస్‌కి లీటరుకి 5 మిల్లీగ్రాములకి పైనే ఉండాలి, మన దగ్గర జూలై ఆగస్టుల్లో పైనీళ్ళు 85 నుంచి 90 ఫారెన్‌హీట్ మధ్య ఉంటాయి, అప్పుడు 7.6 నుంచి 5కి రావడానికి ఐదు బాస్‌లకి ఎంతో సేపు పట్టదు.

ఇంకో విషయం, వదిలినప్పుడు చక్కగా ఈదుకుంటూ వెళ్ళిందంటే బతికినట్టు కాదు. వేడిలో అలసిపోయిన చేప రెండు మూడు రోజుల తర్వాత చచ్చి తేలడం మామూలే, అది మనకి కనపడదు కాబట్టి మన సెటప్ బాగుందనుకుంటాం. బాస్ టోర్నమెంట్ల నిర్వాహకుడు రే స్కాట్ 1972లో "చేపని చంపకండి" అని బతికించి వదిలే పద్ధతి మొదలుపెట్టాకే బోటు కంపెనీలు లైవ్‌వెల్‌లని సీరియస్‌గా తీసుకున్నాయి, ఆ మెరుగుదల ఫలితమే ఇప్పుడు మన పాత బోటులో కూడా ఉన్న ఆ పంపు.

ఇక ఒక్కోటి చూద్దాం

చెరువు నీళ్ళు లోపలికి తోసే పంపు. బోటుతో పాటే వస్తుంది, కొత్తది కొన్నా ఖరీదు తక్కువ. కొత్త నీళ్ళు వస్తూ పాతవి పొంగి బయటకి పోతుంటాయి కాబట్టి ఆక్సిజనూ వస్తుంది, చేప విసర్జించే అమ్మోనియా కూడా పోతుంది. మార్చి, ఏప్రిల్, అక్టోబర్, నవంబర్‌లో ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు, ఇది నా గట్టి అభిప్రాయం. దీని బలహీనత ఎండాకాలమే, లోపలికి తెచ్చేది కూడా 88 డిగ్రీల (ఫారెన్‌హీట్) నీళ్ళే కదా. బోట్లు కట్టేసే మెరీనా లోపల, ర్యాంప్ దగ్గర, పచ్చగా నాచు పట్టిన మూలల్లో దీన్ని ఆపేయండి, అక్కడి నీళ్ళు మీ లైవ్‌వెల్‌లో ఉన్నవాటికన్నా హీనంగా ఉంటాయి. బోటు స్పీడందుకుని పైకి లేచినప్పుడు చాలా బోట్లలో ఈ పంపు నోరు నీళ్ళలోంచి బయటకొస్తుంది, అప్పుడు ఏమీ రాదు, ఇరవై నిమిషాల పరుగంటే ఇరవై నిమిషాలు చేపకి ఊపిరి లేనట్టే.

రీసర్క్యులేషన్ పంపు, అంటే ఉన్న నీళ్ళనే తీసి పైనుంచి చిమ్మేది. బోటు పరిగెత్తేటప్పుడు ఇదే దిక్కు. నీళ్ళు మారవు కాబట్టి ఐస్ వేసి చల్లబరిచే వీలు దీనితోనే ఉంటుంది, అమ్మోనియా పేరుకోవడం కూడా దీనితోనే ఉంటుంది, అందుకని రెండు మూడు గంటలకోసారి సగం నీళ్ళు మార్చాలి. పాత బోట్లలో కొన్నిటికి ఈ పంపు ఉండదు, చెరువు నీళ్ళు తోసే ఫిల్ పంపు ఒక్కటే ఉంటుంది. మీ బోటు అలాంటిదైతే మొదట పెట్టాల్సిన ఖర్చు ఇదే, ఆక్సిజన్ కిట్ కాదు.

టైమర్ గురించి ఒక మాట. చాలామంది బ్యాటరీ అయిపోతుందని టైమర్ మీద పెట్టి మూడు నిమిషాలు ఆన్ పది నిమిషాలు ఆఫ్ లాగా నడుపుతారు. ఇలాంటి పంపు మామూలుగా 2, 3 ఆంపియర్లు లాగుతుంది, ఎనిమిది గంటలు ఆపకుండా నడిపినా 24 ఆంపియర్ అవర్లు దాటదు, మంచి డీప్ సైకిల్ బ్యాటరీకి అది పెద్ద లెక్క కాదు. 70 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిన నీళ్ళలో చేప ఉందంటే టైమర్ వద్దు, పంపు ఆగకూడదు.

బ్యాటరీ బబ్లర్, రాయిలోంచి గాలి బుడగలు వదిలేది. ఇరవై ముప్ఫై డాలర్లలో వస్తుంది. మిన్నోస్ అనే చిన్న ఎర చేపలు వేసిన బకెట్‌కి, గట్టు మీద కూర్చుని గాలం వేసేవాళ్ళకి, కాయాక్ వాళ్ళకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ దీన్ని తీసుకొచ్చి 25 గాలన్ల లైవ్‌వెల్‌లో ఐదు బాస్‌ల మధ్య వేసి పనైపోయిందనుకోవద్దు, పెద్ద బుడగలు బుడబుడమని చూడ్డానికి బాగుంటాయి కానీ ఆక్సిజన్ నీళ్ళలో కరిగేలోపే పైకొచ్చి పగిలిపోతాయి. బుడగ ఎంత చిన్నదైతే అంత మంచిది.

వెంచురీ రకం. పంపు గొట్టానికి ఒక చిన్న ముక్క తగిలిస్తే ఆ నీళ్ళ వేగానికి గాలిని లాగి సన్నటి బుడగలుగా కలుపుతుంది. చవక, కరెంటు అదనంగా తినదు, పంపు ఉన్న ప్రతి ఒక్కరూ పెట్టుకోవచ్చు. గాలి గొట్టంలో చెత్త అడ్డం పడితే చప్పుడు లేకుండా పనిచేయడం మానేస్తుంది, అదొక్కటి చూసుకుంటుండాలి.

కరెంటుతో నీళ్ళని విడగొట్టి ఆక్సిజన్ బుడగలు తీసే పలకలు కూడా దొరుకుతున్నాయి. బుడగలు పొగమంచంత సన్నగా ఉంటాయి కాబట్టి బాగా కరుగుతాయి. ఇవి మంచినీళ్ళ కోసం చేసినవి, ఉప్పునీళ్ళలో అదే పని చేస్తే క్లోరిన్ పుడుతుంది, కాబట్టి గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళకి తీసుకెళ్ళొద్దు, లైవ్‌వెల్‌లో ఉప్పు వేసే అలవాటుంటే ముందు మాన్యువల్ చదవండి.

ఆక్సిజన్ సిలిండర్. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే, సిలిండర్‌లో ఉన్నది మొత్తం అదే, అందుకే పైన చెప్పిన గరిష్ఠం దీనికి వర్తించదు, వేడి నీళ్ళలో కూడా కావాల్సినంత ఎక్కించగలదు. రెగ్యులేటర్, సన్నటి రంధ్రాల డిఫ్యూజర్ రాయి, గొట్టాలు కలిపి కొన్ని వందల డాలర్లవుతుంది, రీఫిల్ ఖర్చు వేరే. టోర్నమెంట్లు ఆడేవాళ్ళకి, షాడ్ అనే ఎర చేపతో రోజంతా స్ట్రైపర్ (చారల బాస్) పట్టేవాళ్ళకి ఇది న్యాయమైన ఖర్చు. మిగతావాళ్ళకి అక్కర్లేదు. కొన్నవాళ్ళు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. రెగ్యులేటర్ కలిపేచోట నూనె, గ్రీజు, చేతికి రాసుకున్న సన్‌స్క్రీన్ కూడా తగలకూడదు, శుద్ధమైన ఆక్సిజన్‌కి నూనె తోడైతే మంట పుడుతుంది, సిలిండర్‌ని పెట్రోల్ ట్యాంకుకి దూరంగా కదలకుండా కట్టాలి. రెండోది, ఎక్కువైతే ఎక్కువ మంచిదని తిప్పేయకండి, మరీ అతిగా కరిగించినా చేపకి హానే. ఇంకా, ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చి నీళ్ళు కదిలించకపోతే చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ అక్కడే ఉండిపోతుంది, కాబట్టి సిలిండర్ ఉన్నా పంపు నడవాలి, మూత కింద వేడిగాలి పోవడానికి చిన్న వెంట్ ఉండాలి. వెంట్ అమర్చడమంత చవకైన పని ఇంకోటి లేదు, చాలామంది పట్టించుకోరు, లేదంటే కనీసం అప్పుడప్పుడు మూత తెరిచిపెట్టండి.

ఐస్, ఉప్పు, మందు సీసా

ఈ మూడిట్లో నేను గట్టిగా చెప్పేది ఐస్ గురించే. 30 గాలన్ల నీళ్ళు సుమారు 250 పౌండ్లు, అందులో 8 పౌండ్ల ఐస్ కరిగితే లెక్క ప్రకారం 5, 6 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే సరిగ్గా ఆ లెక్కకి వస్తాయి, సీసాలో పైన కొంచెం ఖాళీ వదలండి, లేదంటే పగులుతుంది. చెరువు నీళ్ళకన్నా 8, 10 డిగ్రీలకి మించి చల్లబరచొద్దు, వదిలేటప్పుడు ఆ తేడా చేపకి దెబ్బ. ఒక అయిదు డాలర్ల థర్మామీటర్ లోపల వేలాడదీయండి. ఐస్ వేసినప్పుడు చెరువు పంపు ఆపి రీసర్క్యులేషన్ మీద పెట్టాలి, రెండూ కలిపి నడిపితే చల్లదనం అంతా చెరువు పాలే.

సీసాలోనే ఎందుకు, విడి ఐస్ ఎందుకొద్దు అంటే, ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఆలెన్ వైపు కుళాయి నీళ్ళలో శుద్ధి కోసం కలిపే క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) ఉంటుంది. మామూలు క్లోరిన్ అయితే బకెట్‌లో రాత్రంతా ఉంచితే ఎగిరిపోతుంది, క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. ఇంట్లో చేసిన ఐస్ ముక్కలు నేరుగా వేస్తే అది మొప్పలకి తగులుతుంది. మూత బిగించిన సీసా అయితే ఆ గొడవే లేదు. ఇంట్లో ఎర చేపలకి కుళాయి నీళ్ళు పట్టాల్సి వచ్చినా క్లోరమిన్‌కి పనిచేసే డీక్లోరినేటర్ అని రాసున్నదే కొనండి.

ఉప్పు చవకైన మందు. ఐదు గాలన్లకి సుమారు 95 గ్రాములు, కొలతకి పావు కప్పు దాటి మూడో వంతు కప్పు, అంటే అర శాతం ఉప్పు. ఇది అలసిన చేప ఒంట్లో లవణాలు బయటకి పోకుండా ఆపుతుంది. అయోడిన్ లేని ఉప్పే వాడాలి, ఇక్కడ పచ్చళ్ళ నిల్వకి అమ్మే పిక్లింగ్ సాల్ట్ సరిగ్గా సరిపోతుంది. రంగు మందు సీసాల్లో చాలావాటిలో ప్రధానంగా ఉండేది ఉప్పు, క్లోరిన్ విరుగుడు, కొన్నిట్లో చేపని మత్తుగా ఉంచే పదార్థం, నురగ తగ్గించేది. సౌకర్యం కోసం కొనుక్కోండి, తప్పులేదు, కానీ 90 డిగ్రీల నీళ్ళలో ఆ సీసా మొత్తం పోసినా ఐస్ చేసే పని చేయదు. తినబోయే చేప ఉన్న నీళ్ళలో మాత్రం లేబుల్ చదవకుండా ఏ మందూ వేయకండి.

ఎర బతికించడం ఇంకో లెక్క

మిన్నోస్ అయితే కష్టం లేదు. చిన్న ఐస్‌బాక్స్‌కి బబ్లర్ తగిలించండి, ప్లాస్టిక్ బకెట్ కన్నా ఐస్‌బాక్స్ చాలా మెరుగు, ఎండ వేడి లోపలికి రాదు. షాపువాడు ఇచ్చిన కవర్‌ని కాసేపు మీ నీళ్ళలో తేలనిచ్చి అప్పుడు విప్పండి. చేతులతో కాకుండా చిన్న జల్లెడ వలతో తీయండి, సన్‌స్క్రీన్ చేతులు లోపల పెట్టొద్దు.

షాడ్ సంగతి వేరే. టెక్సోమాలో స్ట్రైపర్ కోసం, చాలాచోట్ల పెద్ద క్యాట్‌ఫిష్ కోసం అందరూ దీన్నే వాడతారు, పొద్దున్నే విసురు వలతో పట్టుకుంటారు, పది నిమిషాల్లో ముక్కు ఎర్రబడి, పొలుసులు రాలి, చచ్చిపోతాయి. షాడ్ ఆగకుండా ఈదాలి, చదరం తొట్టిలో వేస్తే మూలకి వెళ్ళి ఇరుక్కుంటుంది, ముక్కు గోడకి కొట్టుకుంటుంది. అందుకే దీనికి గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారం ట్యాంకు కావాలి, నీళ్ళు ఒకవైపుకి తిరుగుతూ ఉండాలి, పొలుసులు, జిగురు పట్టుకునే ఫిల్టర్ ఉండాలి. బోటు లైవ్‌వెల్ పెద్దదే కదా అని షాడ్‌ని అందులో పెట్టడం కన్నా 20, 30 గాలన్ల గుండ్రటి ట్యాంకు విడిగా కొనడం మంచిది. పెద్ద షాడ్ అయితే గాలన్‌కి ఒకటి మించి వేయొద్దు, ఆశపడి వలలో పడినవన్నీ వేస్తే అన్నీ పోతాయి. వేసిన మొదటి అరగంటలో భయంతో జిగురు, వ్యర్థాలు బాగా వదులుతాయి, అప్పుడు ఒకసారి నీళ్ళు మార్చేస్తే మిగతా రోజంతా హాయిగా ఉంటుంది, ఇది చాలామంది చేయని చిన్న పని. ఉప్పు వీటికి కూడా మంచిదే.

మీరు పట్టుకున్న ఎర చేపలని అదే చెరువులో వాడాలి, బతికున్నవాటిని ఇంకో చెరువుకి తీసుకెళ్ళకూడదు, పైగా నీళ్ళు ఎలాగూ ఖాళీ చేయాలి. అందుకని ఇంటి దగ్గర పెద్ద ట్యాంకు పెట్టి వారం వారం షాడ్ నిల్వ చేద్దామనే ప్లాన్ ఉంటే ఆ డబ్బు పెట్టకముందే రూల్స్ చదువుకోండి.

మరి ఎవరికి ఏది

ఏడాదికి నాలుగైదుసార్లు, వసంతకాలంలో, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి ఉన్న పంపు చాలు, ఒక వెంచురీ ముక్క, ఒక ఐస్‌బాక్స్, అంతే. ఎండాకాలం వారం వారం వెళ్ళి బాస్ పట్టి వదిలేవాళ్ళు రీసర్క్యులేషన్ పంపు, వెంట్, థర్మామీటర్, సీసా ఐస్ పెట్టుకోండి, ఇంకా మంచి మాట చెప్పాలంటే టోర్నమెంట్ లేనిరోజు అసలు లైవ్‌వెల్‌లో వేయకుండా ఫోటో తీసుకుని అక్కడే వదిలేయండి. లేక్ ఫోర్క్‌లో అయితే 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఉంచుకోకూడదు కూడా. ఆక్సిజన్ సిలిండర్ టోర్నమెంట్ వాళ్ళకీ, షాడ్ వాళ్ళకీ.

స్ట్రైపర్ పట్టి వదిలే ఆలోచన ఉన్నవాళ్ళకి ఒక్కటే చెప్తా, ఎండాకాలంలో దానికి ఏ ఏర్పాటూ సరిపోదు. అది చల్లటి నీళ్ళ చేప, లోతులోంచి లాగి వేడి పైనీళ్ళలోకి తెస్తే కోలుకోవడం కష్టం. జూలైలో కావాల్సినన్ని పట్టుకుని ఐస్‌లో పెట్టి ఆపేయండి, సరదాకి పట్టి వదలడం చలికాలానికి ఉంచుకోండి.

పెద్ద బాస్ పడే అదృష్టం ఎవరికైనా రావచ్చు కాబట్టి ఇది కూడా. 13 పౌండ్లు, ఆపైన ఉన్న బాస్‌ని జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య పడితే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ షేర్‌లంకర్ ప్రోగ్రాంకి ఇవ్వొచ్చు, వాళ్ళొచ్చి తీసుకెళ్ళి టెక్సస్‌లోనే ఉన్న ఏథెన్స్ ఊళ్ళోని హ్యాచరీలో (చేపపిల్లల కేంద్రంలో) గుడ్లు పెట్టించి పిల్లల్ని చెరువుల్లో వదులుతారు. 1986లో లేక్ ఫోర్క్‌లో పడ్డ 17.67 పౌండ్ల ఎథెల్ అనే బాస్‌తో మొదలైంది ఇదంతా, ఆ చేప ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్వేరియంలో బతికింది. అంత పెద్దది పడితే లైవ్‌వెల్‌లో అదొక్కటే ఉండాలి, మిగతావి తీసేయండి, పంపు ఆపకుండా నడపండి, మాటిమాటికీ మూత తీసి ఎత్తి ఫోటోలు దిగొద్దు.

25, 30 అడుగుల కన్నా లోతులోంచి వచ్చిన చేప లైవ్‌వెల్‌లో పక్కకి ఒరిగి పైకి తేలుతుంటే అది ఆక్సిజన్ సమస్య కాదు, గాలితిత్తి ఉబ్బింది. ఎంత ఆక్సిజన్ ఇచ్చినా నిటారుగా రాదు. రెక్కలకి తగిలించే చిన్న బరువుల క్లిప్పులు దొరుకుతాయి, అవి పెడితే నిటారుగా నిలబడి తేరుకుంటుంది. సూదితో గాలి తీసే పద్ధతి కూడా ఉంది కానీ తెలిసినవాళ్ళ దగ్గర కళ్ళారా చూసి నేర్చుకోకుండా చేయకండి, తప్పు చోట గుచ్చితే లోపలి అవయవాలకి తగులుతుంది.

ఏది కొన్నా సరే, బోటులో ఒక స్పేర్ పంపు కార్ట్రిడ్జ్ (పంపులో తీసి మార్చే మోటారు భాగం), రెండు ఫ్యూజులు పడేసుకోండి, ప్రతిసారీ నీళ్ళలోకి దించేముందు పంపు జాలీలో ఇరుక్కున్న నాచు వేలితో తీసి చూడండి, మధ్యాహ్నం రెండింటికి 98 డిగ్రీల ఎండలో పంపు ఆగిపోతే పైన రాసిన ఏ సామానూ మీ చేపని కాపాడలేదు.